అండాలు గదిలో దుర్గాబాయి

బషీరాబాద్,
18 ఆగస్టు 1994.

రోజా వదినకు,

నీ కార్డు అందింది. బర్రె ఈనిన సంగతి, వానల సంగతి, ముగ్గురి క్షేమం అన్నీ నాలుగు ముక్కల్లో కుక్కేశావు. కార్డు మీద జాగా లేదని నెపం పెట్టడం కంటే ఇన్‌లాండ్ కవర్ కొనుక్కోరాదా?

నేనిక్కడ బాగానే ఉన్నానని రాస్తే నువ్వు నమ్మేస్తావు, అందుకే రాయను. బడి వదిలాక ఊరంతా నాపరాళ్ళు కోసే మిషన్ల రొద. గది అద్దెకిచ్చిన ముసలమ్మకు చెవుడు, పైగా కన్నడం తప్ప మరో ముక్క రాదు. ఒక్కదాని కోసం ఏం వండుకుంటామని పొద్దున వండిందే రాత్రికీ తింటున్నాను. ఆదివారమంతా ఎవరితోనూ మాట ఉండదు. సోమవారం పిల్లల హాజరు పిలవబోతే గొంతు పెగలదు.

దసరాకు రమ్మని అమ్మ అన్నదట. రాను వదినా, కోపం తెచ్చుకోకు. నాన్న వెనకే పెద్దన్నా కాలం చేశాడు, మా చిన్నన్న, అదే నీ మొగుడు, లారీ ఎక్కి పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. మిగిలింది మీ ముగ్గురు ఆడవాళ్ళు. ఆ ముగ్గురికీ ఒక్క ఇంట్లో రెండు పొయ్యిలు. నేనొస్తే పొద్దున నీ దగ్గర, రాత్రి యశోద వదిన దగ్గర వంతుల మీద తినాలి. నీ పప్పు బాగుందంటే ఆమె మూతి ముడుచుకుంటుంది, ఆమె పులుసు బాగుందంటే నువ్వు గిన్నెలు గట్టిగా తోముతావు. అమ్మేమో మీ ఇద్దరికీ జంకి సగం కడుపుతో లేస్తుంది. పుట్టింట్లో చుట్టంలా కూర్చుని తినడం నా వల్ల కాదు.

పొయ్యి ఒక్కటైన రోజు రాయి. ఆ రోజే మేడ్చల్ వైపు బదిలీకి దరఖాస్తు పెడతాను. అప్పటిదాకా నా గది నాకు ఉంచండి, అంతకు మించి ఆ ఇంట్లో నాకేమీ వద్దు.

గోడలతో మాట్లాడి విసిగిన నీ ఆడబిడ్డ,
అండాలు.


రావల్కోల్,
30 అక్టోబరు 1994.

అండాలూ,

ఈసారి ఇన్‌లాండ్ కవరే కొన్నాను, ఇక దెప్పకు. మీ అన్న దగ్గర్నుంచి ఏ కబురూ లేదు. నువ్వు అడగకముందే చెబుతున్నాను, మళ్ళీ అడగకు.

ఈ కవరు నిండా మంచి మాటలే. ఏటా మన ద్రాక్ష పందిరి కత్తిరించే ఎల్లయ్య ఈసారి దూలపల్లిలో ఏదో ఫ్యాక్టరీకి వాచ్‌మన్‌గా పోయాడు. అక్టోబరు దాటితే కత్తిరించినా కాపు రాదు. అత్తమ్మకు నిద్ర లేదు. అట్లాంటప్పుడు ఒక ఆమె బస్సు దిగి నేరుగా తోటలోకి వచ్చింది. చీర మీద మగవాళ్ళ చొక్కా మెడదాకా గుండీలు పెట్టుకుంది, నడుముకు కత్తెర. పేరు దుర్గాబాయి, సాంగ్లీ దిక్కు తోటల్లో పని నేర్చిందట, తెలుగు మనలాగే మాట్లాడుతుంది. ఆడదానివి నీకేం వస్తుందని అత్తమ్మ అడిగితే, ఇదిగో చూడమని కత్తెర గాట్లున్న రెండు చేతులూ చాపింది.

ఆ చేతులకు గాజులు లేవు. నొసటన బొట్టు లేదు. అత్తమ్మ చూసింది, చూసి ఆ చేతులు పట్టుకుని భోరుమంది. "నువ్వు గూడ మా తీర్గనేనా బిడ్డ" అన్నది. ఆమె తల వంచుకుంది. ఆ సాయంత్రమే అత్తమ్మ నీ గది తీసి ఆమెకు చాప పరిచింది.

మొదటి రోజు యశోదక్క దగ్గర తిన్నది, రెండో రోజు నా దగ్గర. మూడో రోజు కత్తెర కింద పెట్టి, మా ఇద్దరినీ నిలబెట్టి అన్నది: "కొమ్మ కోసినంక మొగ్గ కండ్లకు మందు పూసుడు ఆగది. మీరు రెండు పొయ్యిల కాడ కూసుంటే నాతోని గాదు. ఒక్కరు వండుండ్రి, ఒక్కరు పందిరి కిందికి రాండ్రి." ఆ రోజు యశోదక్క వండింది, నేను మందు పూశాను. మర్నాడు ఆమె వచ్చింది, నేను వండాను. రెండో పొయ్యిలో ఇప్పుడు పిల్లి పడుకుంటోంది.

చిగుళ్ళు వచ్చాక గాజులు తీసి రమ్మంటుంది నన్ను. లేత చిగురుకు గాజు తగిలితే రాలిపోతుందట. తీసి కొయ్యకు తగిలిస్తున్నాను, అత్తమ్మ అటు చూడదు.

పొయ్యి ఒక్కటైంది. రాయమన్నావు, రాశాను. ఇక నీ మాట నువ్వు నిలబెట్టుకో.

మందు వాసన వదలని చేతులతో,
రోజారాణి.


బషీరాబాద్,
20 నవంబరు 1994.

వదినా,

ఉత్తరం చదివి కూర్చున్నచోటే నవ్వాను. తరువాత రెండోసారి చదివాను. రెండోసారి చదవకుండా ఉండాల్సింది.

పొయ్యి ఒక్కటైనందుకు నాకంటే సంతోషించేవాళ్ళు ఎవరూ ఉండరు. పెద్దన్న పోయినప్పటి నుంచీ మిమ్మల్ని ఒక్కచోట కూర్చోబెట్టాలని నేను ఎన్ని రకాలుగా చెప్పి చూశానో నీకు తెలుసు. ఏడ్చి కూడా చూశాను. ఆమె మూడో రోజుకు చేసేసింది, సరే. కత్తెర పట్టుకున్నవాళ్ళ మాటకున్న విలువ చాక్‌పీసు పట్టుకున్నవాళ్ళ మాటకు ఉండదు కాబోలు.

నా గదిలో నా పెట్టె ఉండాలి, దాన్ని ఏం చేశారు? కిటికీ కింద నా మంచం ఉందా, లేక దాని మీద కూడా ఆమేనా? వంట ఒక్కచోట అయ్యింది, బాగుంది, వచ్చి నేనెక్కడ పడుకోను? బర్రెల కొట్టంలోనా? అమ్మ ఆమెను ఏమని పిలుస్తుందో రాయి. నన్ను మాత్రం 'టీచరు' అని పిలుస్తోందని ఎప్పుడో ఒక కార్డులో నువ్వే రాశావు.

దరఖాస్తు ఇంకా పెట్టలేదు. చూస్తాను.

అండాలు.


రావల్కోల్,
12 ఫిబ్రవరి 1995.

అండాలూ,

జవాబు ఆలస్యమైందని తిట్టుకుంటున్నావని తెలుసు. గుత్తులు మందులో ముంచడం, కాయలు పలుచన చేయడం, వీటితో మెడ పైకెత్తి ఎత్తి ఇప్పుడు కిందకి దించితే నొప్పి. కాపు మస్తుగా ఉంది. గుత్తులు చూస్తే నీకు అట్లాగే చూస్తూ కూర్చోవాలనిపిస్తుంది.

నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. బర్రెల కొట్టంలో పడుకోనా అన్న దగ్గర యశోదక్కా నేనూ పడిపడి నవ్వాం. అత్తమ్మ కూడా నవ్వింది. దుర్గాబాయి ఒక్కతే నవ్వలేదు. గది ఖాళీ చేసి తనే కొట్టంలోకి పోతానని చాప చుట్టింది. అత్తమ్మ ఆ చాప లాక్కుని, మా టీచరుకు ఎకసెక్కాలెక్కువ, ఆమె మాటలు పట్టుకోకని కూర్చోబెట్టింది. నీ పెట్టె భద్రంగా ఎరువుల గదిలో ఉంది, కింద ఇటుకలు పెట్టాం.

ఆమెను అత్తమ్మ 'బిడ్డా' అనే పిలుస్తుంది. నీ మొదటి జీతంతో అత్తమ్మకు తెచ్చిన బూడిదరంగు పోచంపల్లి చీర లేదూ, కట్టకుండా దాచుకున్నది, అది ఆమెకు ఇచ్చింది. మెరుపు లేని రంగు, ఆమె కట్టదగినదే కదా. ప్రతి గురువారం ఆమె శామీర్‌పేట పోతుంది, మొక్కుబడి ఉందట. ఆ రోజు పొద్దున్నే తలంటుకుని ఆ చీరే కట్టుకుంటుంది. సాయంత్రం ఆమె బస్సు దిగేదాకా అత్తమ్మ గడప దాటి లోపలికి రాదు.

నీకు బడి పనులు ఎక్కువ ఉన్నాయని అత్తమ్మకు చెప్పాను, నిన్ను ఇబ్బంది పెట్టవద్దని కూడా. తొందర లేదు, వీలున్నప్పుడే రా.

యశోదక్క తన పేరు కూడా రాయమంటోంది, రాశాను చూడు: యశోద.
రోజారాణి.


బషీరాబాద్,
5 మే 1995.

వదినా,

బడికి సెలవులిచ్చి పది రోజులు దాటింది. నేనిక్కడే ఉన్నాను. 'తొందర లేదు' అని నువ్వు రాసిన ముక్క చదివాక వచ్చే కాళ్ళు కూడా ఆగిపోయాయి. నేను నవ్వించడానికి రాయలేదు వదినా. నాకు నిజంగానే తెలియలేదు ఎక్కడ పడుకోవాలో.

నిన్న మా బడి పంతులమ్మ చెల్లెలి పెళ్ళికి సిద్దిపేట పోయి వస్తుంటే బస్సు శామీర్‌పేటలో ఆగింది. అక్కడి చెరుకు రసం బండి దగ్గర నా చీర కనబడింది. అవును, అమ్మకు తెచ్చిన చీర, కొంగుకు నేనే ముళ్ళు వేశాను, ఎక్కడున్నా పోల్చుకుంటాను. భుజాన సంచి, సంచిలోంచి కత్తెర పిడి. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. రూపాయి బిళ్ళంత బొట్టు, తలలో మల్లెలు, మెడలో నల్లపూసలు. పక్కన ఒక మగమనిషి. ఒక్క గ్లాసులో రసం తాగుతున్నారు, ఆమె నవ్వుతోంది. బస్సు కదిలేదాకా చూశాను.

అదీ మీ దుర్గాబాయి మొక్కుబడి. అమ్మ కన్నీళ్ళు పెట్టి నా గదీ నా చీరా ఇచ్చింది ఆమెకు. అంత దగ్గరి నుంచి పోతూ నేను రావల్కోల్ రాలేకపోయాను, ఆమె మాత్రం రాత్రికి గాజులు తీసేసి వచ్చి నా కిటికీ కింద పడుకుని ఉంటుంది.

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించు. నవ్వకుండా చదువు.

అండాలు.


రావల్కోల్,
13 మే 1995.

అండాలూ,

చదవలేదు. ముందు నేను చూడాలని దాచాను. మొన్న గురువారం ఆమె వెనక బస్సులోనే శామీర్‌పేట పోయాను.

అతని పేరు కుర్మయ్య. ఆమె పెళ్ళిచేసుకున్న మొగుడే. ఆ ఊరివాడే, సాంగ్లీలో కత్తిరింపు పనికి పోయినప్పుడు ఈమెను కట్టుకుని తెచ్చాడు. ఇప్పుడు పట్నం సేటు ఒకతని తోటకు కావలి. భార్యాపిల్లలతో ఉన్నవాళ్ళైతే జాగా పట్టుకుని కదలరని ఆ సేటు ఒంటి మనిషినే పెట్టుకుంటాడట. పెళ్ళాం ఉందని తెలిస్తే పని పోతుంది. సేటు గురువారం తోటకు రాడు. మొగుడూ పెళ్ళాలు మొగుడూ పెళ్ళాలుగా ఉండేది ఆ ఒక్క రోజు. గాజులు బస్సు దిగాక వేసుకుంటుంది, ఎక్కే ముందు తీస్తుంది.

నన్ను చూసి పారిపోలేదు. అతను కావలి ఉండే తోట కొట్టంలో గోనె పరిచి కూర్చోబెట్టింది. పందిరి పనికి గాజులు తీసేయడం, చెమటకు బొట్టు కళ్ళల్లోకి కారుతుందని తుడిచేయడం వాళ్ళకు అలవాటట. అట్లా వచ్చినదాన్ని చూసి మనమే ముండమోసినదనుకున్నాం. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీ అత్త నా చేతులు వట్టుకొని ఏడ్సింది రోజా. నా కోసం ఏడ్సేటోళ్ళు నాకు ఎవ్వలు లేకుండిరి. మొగడున్నడు అంటె ఆ చేతులు ఇడుస్తదని భయమైంది" అన్నది.

వస్తూ బస్సులో నా గాజులు చూసుకుంటూ కూర్చున్నాను. ఏడేళ్ళుగా వీటిని ఎవరి కోసం వేసుకుంటున్నానో నాకే తెలియదు. ఆమెకు ఒక మనిషున్నాడు, గాజులు దాచుకోవాలి. నాకు గాజులే ఉన్నాయి.

నీకు దండం పెడతాను, ఈ సంగతి అత్తమ్మకు తెలియనీకు. యశోదక్క ఇప్పుడు నా జడ వేస్తోంది అండాలూ. ఇదంతా పోతుంది.

రోజారాణి.


బషీరాబాద్,
17 మే 1995.

వదినా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నేను ఆదివారం నాడే అమ్మ పేరున ఇంకో కవరు డబ్బాలో వేశాను. నువ్వు చదవవని అనుమానం వచ్చి, యశోద వదిన చదవాలని మీద రాశాను. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుని అయినా చదువుతుంది. అది ఈపాటికి మీ ఇంటికి చేరి ఉంటుంది.

పోస్టాఫీసుకు పరుగెత్తాను. పోయిన కవరును వెనక్కి తెచ్చే దారి లేదన్నారు.

నేను రాసిన మాటలు మంచివి కావు. ఆమె నడత గురించి కూడా రాశాను. మొగుడని నాకేం తెలుసు? తెలిస్తే మాత్రం రాయకుండా ఉండేదాన్నా, చెప్పలేను. నేను బషీరాబాద్ బస్సు ఎక్కిన రోజు అమ్మ ఏడవలేదు వదినా. అన్నం డబ్బా మరిచిపోయావని కేకేసింది, అంతే. ఎవరో తెలియని మనిషి చేతులు పట్టుకుని ఏడ్చిందని నువ్వు రాసినప్పటి నుంచీ నాకు కడుపులో ఒకటే మంట.

ఏం జరిగిందో రాయి. తిట్టు, కాని రాయి. కార్డైనా సరే.

అండాలు.


రావల్కోల్,
2 జూన్ 1995.

అండాలూ,

తిట్టను. జరిగింది రాస్తాను.

అందరం ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చున్నాం. యశోదక్క నీ కవరు విప్పింది. ఏముందో తెలియకుండానే బిగ్గరగా కూడబలుక్కుంటూ పోయింది, దుర్గాబాయి ఎదురుగానే ఉంది. మధ్యలో నేను లాక్కోబోతే అత్తమ్మ చదవనియ్యమన్నది. చివరిదాకా విన్నది. నీ మొగడా అని ఒక్క మాట అడిగింది. అవునన్నది ఆమె. కాళ్ళ మీద పడబోతే అత్తమ్మ వెనక్కి జరిగింది.

నేను ఇంటి నుంచి వెళ్ళగొడుతుందనుకున్నాను. అత్తమ్మ తల బాదుకుని, "మొగడు బతికున్న ఆడిబిడ్డను నా పక్కల కూసోబెట్టుకుంటి. పసుపు బొట్టుకు పిలువకపోతి. నువ్వు అబద్ధం జెప్పలే బిడ్డ, నేనే అడగలే" అన్నది. ఆ పాపం తన మెడకే చుట్టుకుంటుందని రెండు రోజులు అన్నం ముట్టలేదు.

మూడో రోజు ఒడిబియ్యం పోయాలన్నది. కన్నకూతురిని అత్తింటికి సాగనంపినట్టే. బియ్యం పసుపు కలిపి, ఎండు కొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ తెప్పించింది. పోయడానికి మొగుడున్న చేతులు కావాలి, తనవి పనికి రావు, యశోదక్కవి పనికి రావు. నన్ను పిలిచింది. మీ అన్న ఉన్నాడో లేడో తెలియని నేను దుర్గాబాయి కొంగులో దోసిళ్ళు పోశాను. యశోదక్క తలుపు చాటున నిలబడి ఏడ్చింది. అత్తమ్మ ఏడవలేదు. మొగుడున్నదాన్ని ఇంకా ఆపుకుంటే తనకు పాపమని ఆ సాయంత్రమే బస్సెక్కించింది. ఎక్కించి వచ్చి, నీ గది ఊడ్చింది.

కుర్మయ్య సేటు పని వదిలేశాడు. శామీర్‌పేట అవతల ఒక తోటలో ఇద్దరికీ కలిపి గుడిసె ఇచ్చారట. కత్తిరింపు కాలానికి దుర్గాబాయి నన్నూ రమ్మంది, నా చేయి తిరిగిందట. పోదామనుకుంటున్నాను. ఈ గడపలో కూర్చుని లారీల హారన్లు వినడం ఇక నా వల్ల కాదు.

నీ పెట్టె మళ్ళీ కిటికీ కిందికి చేరింది. నువ్వడిగిన పొయ్యి ఒక్కటే ఉంది, నువ్వడిగిన గది ఖాళీగా ఉంది. వచ్చేయి.

రోజారాణి.


రావల్కోల్,
9 నవంబరు 1995.

రోజా వదినకు, శామీర్‌పేట తోటకు,

నేను బదిలీ మీద వచ్చి మూడు నెలలు. నువ్వు మన పందిరి కత్తిరించి నీ సంచి సర్దుకుని పోయి నెల. ఇంతకాలం నువ్వు నాకు ఇంటి కబుర్లు రాశావు, ఇప్పుడు అదే ఇంటి నుంచి నేను నీకు రాస్తున్నాను.

గది బాగుంది. పొద్దున మేడ్చల్ బడికి పోతాను, సాయంత్రం వస్తాను, వేడి వేడిగా వడ్డిస్తారు. యశోద వదిన పులుసు బాగుందంటే అలిగేవాళ్ళు లేరు. ముగ్గురం ఒక్కచోట తింటాం, తింటున్నంతసేపూ గిన్నెల చప్పుడే. నేనేదైనా చెబితే అమ్మ వింటుంది. విని, 'మంచిగ జెప్పినవ్ టీచర్' అంటుంది. గురువారం సాయంత్రం మాత్రం గడప దగ్గరే కూర్చుంటుంది. ఎవరి కోసమని నేను అడగను, ఆమె చెప్పదు. బషీరాబాద్‌లో ఒంటరిగా ఉన్నానని ఏడ్చాను కదా వదినా, అక్కడ కనీసం రావల్కోల్ వస్తే తీరిపోతుందన్న ఆశ ఉండేది.

పిలవకుండా పుట్టింటికి రాకూడదని దుర్గాబాయి అన్నదని రాశావు. అది పైకి చెప్పే మాట. ఆ ఉత్తరం రాసినదాన్ని నేను ఇక్కడున్నానని ఆమె రాదు, నాకు తెలుసు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అమ్మకు జ్వరం. నా మంచం మీదే పడుకోబెట్టి తడిగుడ్డ వేస్తున్నాను. కళ్ళు మూసుకునే నా చేయి తడిమి పట్టుకుంది. మణికట్టు అటూ ఇటూ నిమిరింది. నేను గాజులు వేసుకోనని నీకు తెలుసు కదా.

"దుర్గబాయీ, వచ్చినవా బిడ్డ" అన్నది.

వచ్చానమ్మా అన్నాను. చేయి వదలకుండా నిద్రపోయింది.

జ్వరం తగ్గింది, కంగారు పడకు. వచ్చే గురువారం నువ్వు బయలుదేరి రా, ఆమెనూ కుర్మయ్యనూ తీసుకుని రా. అండాలు పిలిచిందని చెప్పు, అమ్మ పేరు చెప్పవద్దు. ఆమె, నువ్వు, నేను ముగ్గురం నా గదిలో పడుకుందాం, కుర్మయ్యకు వాకిట్లో మంచం వేస్తాను.

ఎదురు చూసే
అండాలు.